పెళ్లి చేసేస్తే భయం తీరుతుందా? పదహారేళ్ల అమ్మాయికి అసలు ముప్పు ఎటు నుంచి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో ఒక పల్లె. మా అక్క కూతురికి పదహారేళ్లు నిండాయి. పది పాసయ్యింది గానీ ఇంటర్‌లో చేరిన కొన్నాళ్లకే మానేసింది. అక్కా బావా ఏటా సుగ్గికి (కోతల పనికి వలస) గుంటూరు వైపు పోతారు. అప్పుడు పిల్ల మా అమ్మ దగ్గరుంటుంది. ఈమధ్య ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోందని, ఏదన్నా జరిగి కడుపొస్తే పరువు పోతుందని భయపడి మా తమ్ముడికే ఇచ్చి చేసేద్దామంటున్నారు. వాడికి పాతికేళ్లు. ‘పెళ్లయితే చేసేద్దాం, పిల్లల సంగతి రెండేళ్లయినాక చూసుకుంటార్లే’ అంటోంది అక్క. చిన్న వయసులో గర్భం రావడానికి ఏమేం కారణాలవుతాయి? పెళ్లి చేస్తే ఆ ముప్పు తగ్గుతుందా?
– ఒక చిన్నమ్మ

డాక్టర్ సలహా: తగ్గదమ్మా, పెరుగుతుంది. మన దేశంలో పందొమ్మిదేళ్లలోపు వచ్చే గర్భాల్లో అత్యధికం పెళ్లయిన అమ్మాయిలవే. అంటే మీ అక్క మందు అనుకుంటున్నదే ఆ జబ్బుకు మొదటి కారణం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు కలిపి దేశంలో 6.8 శాతం. తెలంగాణలో 5.8. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 12.6. అదే సర్వేలో ఆంధ్రలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయింది. విచిత్రమేమిటంటే ఆంధ్రలో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7 మందే, దేశ సగటు కంటే తక్కువ. పిల్లలు తక్కువే, కానీ తొందరగా కంటున్నారు.

ఎందుకిలా అంటే, మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. మాత్రలు, లూప్, కండోమ్, ఇంజెక్షన్ లాంటి తాత్కాలిక పద్ధతులు వాడేవాళ్లు బహు తక్కువ. పెళ్లి, ఏడాదిలో కాన్పు, వెంటనే రెండోది, ఆపరేషన్. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే అంతా ముగిసిపోతుంది. ఈ వరసలో ‘రెండేళ్లు ఆగుదాం’ అనే మాటకు చోటు లేదు. ఆగడానికి ఏం వాడాలో అత్తగారికి తెలియదు, భర్త అడగడు, పదహారేళ్ల పిల్ల నోరు విప్పదు. మూడు నెలలు గడిస్తే చాలు, ‘ఏమన్నా విశేషమా?’ అని చుట్టాలు మొదలుపెడతారు. ఆరు నెలలయితే ‘డాక్టరుకు చూపించండి’ అంటారు. కాబట్టి మీ అక్క మాట మీద నమ్మకం పెట్టుకోకండి. ఆమె అబద్ధం చెబుతోందని కాదు, ఆ మాట నిలబెట్టడం ఆమె చేతిలో ఉండదు.

ఇక ఆ చిన్న వయసు పెళ్లికీ, గర్భానికీ దారితీసే కారణాలు. అన్నిటికంటే బలమైనది మీ ఇంట్లో ఇప్పటికే జరిగిపోయింది: చదువు ఆగడం. అదే సర్వేలో దేశం మొత్తమ్మీద అసలు బడికే వెళ్లని అమ్మాయిల్లో 18 శాతం మంది పందొమ్మిదేళ్లలోపు తల్లులో గర్భవతులో అయ్యారు. పన్నెండు, ఆపైన తరగతులు చదివినవాళ్లలో 4 శాతమే. చదువు వల్ల తెలివి వస్తుందన్నది సగం కారణమే. ‘పిల్ల చదువుకుంటోంది’ అన్నంతకాలం పెళ్లి మాట ఎత్తినవాళ్లకు చెప్పడానికి ఇంట్లోవాళ్లకు ఒక జవాబుంటుంది. కాలేజీ మానేసిన రోజునుంచి ‘ఇంట్లో ఊరికే ఉంది’ అనే మాట మొదలవుతుంది. పదో తరగతి వరకు ఊళ్లోనో పక్కూళ్లోనో బడి ఉంటుంది, జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది. బస్సు సరిగా రాదు, దారిలో పోకిరీల బెడద. పదిలో ఒక సబ్జెక్టు పోయినా అంతే. ఫలితాలొచ్చే ఎండాకాలమే ముహూర్తాల కాలం కూడా. పది తర్వాతి ఏడాది, రెండేళ్లే ఆడపిల్లకు అన్నిటికన్నా గడ్డు కాలం.

రెండోది సుగ్గి. పత్తి, మిరప కోతలకు తల్లిదండ్రులు నెలల తరబడి ఊరొదిలితే పిల్లను చూసుకునేది ముసలి అవ్వ. ఆమెకు తోడుండే ఓపికే తప్ప కాపలా కాసే శక్తి ఉండదు. లైంగిక దాడులు ఎక్కువగా చేసేది ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో నిందితుల్లో అత్యధికులు బంధువులు, పొరుగువాళ్లు, పరిచయస్తులే. ‘పరాయివాళ్లతో మాట్లాడొద్దు’ అని పిల్లకు చెప్పి, ఇంటికొచ్చి పోయే మగవాళ్లను అనుమానించకపోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

మూడోది మేనరికం. దీన్ని కారణాల్లో లెక్కపెట్టరు గానీ పెట్టాలి. బయటి సంబంధం అయితే వెతకాలి, కట్నం కూడబెట్టాలి, ఆ వెతుకులాటలో పిల్లకు రెండు మూడేళ్లు కలిసొస్తాయి. మేనమామ అయితే వరుడు ముందే సిద్ధం. రజస్వల అయిన నాటి నుంచే ‘మన పిల్లే కదా’ అంటారు. దీనికితోడు రక్తసంబంధం. మేనమామ, మేనకోడలి జన్యువుల్లో నాలుగో వంతు ఒకటే. బావామరదళ్ల మధ్య అయితే అది ఎనిమిదో వంతు. అంటే పుట్టే బిడ్డకు తలసీమియా అనే రక్తవ్యాధి, పుట్టుచెవుడు లాంటి జన్యు సమస్యలు వచ్చే అవకాశం మామూలు మేనరికం కంటే కూడా మీరు చెప్పిన సంబంధంలో ఎక్కువ.

తల్లి గానీ అక్కలు గానీ చిన్నప్పుడే కని ఉండటం, అప్పులు, ఇంట్లో తాగుడు, మొగుడికీ పెళ్లానికీ వయసులో పెద్ద తేడా, శరీరం గురించి ఎవరూ నోరు విప్పి చెప్పకపోవడం కూడా కారణాలే. ఇవి అందరికీ తెలిసినవే.

ఫోన్ సంగతి. ఫోన్ వల్ల గర్భం రాదు. అవతల ఉన్నదెవరన్నది ముఖ్యం. ఫోన్ లాక్కుంటే ఆ అబ్బాయే ఇంకోటి కొనిస్తాడు, అప్పుడు మీకు అసలు తెలియదు. అవ్వ లేని సమయంలో మీరే కూర్చోబెట్టి మెల్లగా అడగండి: అతని వయసెంత, ఒంటరిగా కలిశారా, ఫొటోలు అడిగాడా, డబ్బులో రీచార్జో ఇచ్చాడా, ఎవరికీ చెప్పొద్దన్నాడా. వయసులో బాగా పెద్దవాడై, రహస్యం పాటించమని, ఫొటోలు పంపమని అడుగుతుంటే అది ప్రేమ కాదు, వల. తోటి విద్యార్థి అయి మాటలవరకే ఉంటే అరిచి రచ్చ చేయకండి. పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయి ఒప్పుకున్నా చట్టం దృష్టిలో అది ఒప్పుదల కాదన్న సంగతి ఇద్దరికీ తెలిసేలా చెప్పండి.

ఇప్పుడు శరీరం గురించి. రజస్వల అయితే గర్భం రాగలదు, అంతే. దాన్ని మోయడానికి శరీరం సిద్ధమైందని కాదు. కటి ఎముకలు ఆ తర్వాత కూడా కొన్నేళ్లు పెరుగుతాయి. ఎత్తు 145 సెంటీమీటర్ల కంటే తక్కువున్న అమ్మాయిల్లో కాన్పు కష్టమయ్యే అవకాశం ఇంకా ఎక్కువ. ఎదుగుతున్న పిల్ల కడుపులో మరో బిడ్డ పెరుగుతుంటే ఒకే తిండికి ఇద్దరూ పోటీ. అందుకే నెలలు నిండకముందే కాన్పులు, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువు పిల్లలు ఎక్కువ. చిన్న వయసులో తొలి గర్భానికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది. ఆంధ్రలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 60 శాతానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. కాన్పులో పోయే రక్తాన్ని ఆరోగ్యవంతురాలు తట్టుకుంటుంది, హిమోగ్లోబిన్ ఏడు, ఎనిమిదే ఉన్న పిల్ల తట్టుకోలేదు.

దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. మైనరుకు పెళ్లి చేసిన ఇల్లు ఆసుపత్రికి రావడానికి భయపడుతుంది. భార్య అయినా సరే, పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయితో సంసారం అత్యాచారమేనని 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకు తెలియజేయాలి. దాంతో వయసు పెంచి చెబుతారు, లేదా ఏడో నెల దాకా పేరే నమోదు చేయించరు. బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూడాల్సిన నెలలన్నీ అలా దాటిపోతాయి. చాలాసార్లు ప్రాణం మీదికి తెచ్చేది వయసొక్కటే కాదు, ఈ దాపరికం కూడా. మీ తమ్ముడికి ఈ పేరా చదివి వినిపించండి. కేసు పడేది అతని మీదే. బాల్యవివాహ నిషేధ చట్టం, 2006 కింద పెళ్లి చేసినవాళ్లకూ, చేయించినవాళ్లకూ రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పిస్తే సరిపోతుందనుకుంటారు కొందరు. అధికారులు ముందు అడిగేది పదో తరగతి మెమో.

మీరు చేయగలిగినవి చెబుతాను. మొదట చదువు. ఇంటర్ ఉన్న కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు దొరుకుతుందేమో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. అక్కడే హాస్టల్ ఉంటుంది కాబట్టి సుగ్గి నెలల బెంగ కూడా తీరుతుంది. ఈ ఏడాది కుదరకపోతే సార్వత్రిక పాఠశాల (ఓపెన్ స్కూల్)లో ఇంటర్‌కు కట్టించండి. ఖాళీగా మాత్రం ఉంచకండి. పెళ్లి మాట ముదిరితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, మీ పేరు బయట పెట్టరు. అంగన్‌వాడీ సూపర్‌వైజరుకు గానీ ఆమె పై అధికారి సీడీపీఓకు గానీ చెప్పినా ఆపుతారు. కోర్టు నుంచి నిషేధ ఉత్తర్వు వచ్చాక కూడా చేస్తే ఆ పెళ్లి చెల్లదు.

ఈ వారంలోనే పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించండి. 12 ఉంటే వారానికొకటి నీలం రంగు ఐరన్ మాత్ర చాలు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 8 నుంచి 11.9 మధ్య ఉంటే డాక్టరు సలహాతో రోజూ రెండేసి మాత్రలు మూడు నెలలు, అన్నం తిన్నాక. మాత్రకు అటూ ఇటూ గంటసేపు టీ, కాఫీ, పాలు వద్దు. వాటివల్ల ఐరన్ ఒంటికి పట్టదు, ‘మాత్రలు మింగినా రక్తం పెరగలేదు’ అనడానికి సగం కారణం ఇదే. మలం నల్లగా వస్తే భయపడి మానకండి, అది మామూలే. ఆర్నెల్లకోసారి నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు కూడా వేయించండి. 8 కంటే తగ్గితే మాత్రలతో సరిపెట్టక పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

పద్దెనిమిది దాటాక, పిల్ల ఇష్టపడి పెళ్లి చేసుకుంటే, ముహూర్తానికి ముందే ఇద్దరినీ డాక్టరు దగ్గరకు పంపండి. గర్భం రాకుండా వాడే ‘ఛాయ’ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. నెలసరి మొదటి రోజు మొదలుపెట్టి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికి ఒకటి. ‘అంతర’ ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. ఇది వేసుకున్నాక నెలసరి చెదరడం, కొందరికి పూర్తిగా ఆగడం సహజం. ఆ సంగతి ముందే చెప్పకపోతే గర్భమనుకుని బెంబేలెత్తుతారు. ఆపేశాక మళ్లీ గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. కండోమ్ అయితే ప్రతిసారీ వాడాలి, పది రోజులు వాడి పదకొండో రోజు మానితే ఫలితం సున్నా. వీటిలో ఏది వాడినా సంతానం కలగకుండా పోతుందన్నది ఉత్త అపోహ. అత్తగారి భయం సాధారణంగా అదే కాబట్టి ఆమెనూ వెంట తీసుకెళ్లడం మంచిది.

చివరగా, అడగడానికి మొహమాటపడకండి: పిల్లకు చివరి నెలసరి ఎప్పుడు వచ్చింది? ఈ వయసులో, అందులోనూ రక్తహీనత ఉంటే, అది కాస్త ఆలస్యమవడం మామూలే. కానీ వారం దాటితే ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరికే కిట్‌తో ఉదయం మొదటి మూత్రం పరీక్షించండి. గీతలు రెండొస్తే ఆరోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెడికల్ షాపులో గర్భం పోగొట్టే మాత్రల కిట్ కొని మింగించకండి. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలి ప్రాణం పోతుంది. సగం పడి సగం మిగిలితే ఇన్ఫెక్షన్. డాక్టరు పర్యవేక్షణలో మాత్రలతో తీయడం తొమ్మిది వారాల వరకే, ఆ తర్వాత వేరే పద్ధతులు. మైనరు విషయంలో చట్టం 24 వారాల దాకా అనుమతిస్తుంది. 20 దాటితే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. సంరక్షకుల సంతకం తప్పనిసరి. పోలీసులకు చెప్పక తప్పదు గానీ, పిల్లా, ఆమె సంరక్షకులూ కోరితే డాక్టరు ఆమె పేరు, గుర్తింపు వివరాలు వెల్లడించనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వెళ్లగానే ఆ మాట డాక్టరుతో చెప్పండి. కిట్‌లో ఒకటే గీత వచ్చి నెలసరి ఇంకా రాకపోతే వారం తర్వాత మరోసారి చేయండి. ఈలోగా పొత్తికడుపులో ఒకవైపు విపరీతమైన నొప్పి, కళ్లు తిరగడం, గంటకు రెండు ప్యాడ్లు తడిసేంత రక్తస్రావం – వీటిలో ఏది కనిపించినా వారం ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.