పేరు పలక ఊడిన పాత కీబోర్డు యాంప్

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర పల్లె. చర్చిల కీబోర్డు వాయిస్త. మహబూబ్‌నగర్‌ల ఒకాయన ఆర్కెస్ట్రా బందువెట్టి సామాన్లు అమ్ముతుంటే పాత కీబోర్డు యాంప్ కొన్న. ముందు పేరు పలక లేదు. 15 అంగుళాల స్పీకరు, దాని మీద హార్న్, మూడు చానెళ్లు ఉన్నయి. వెనుక 120 వోల్టులు, 60 హెర్ట్జ్, అమెరికా తయారీ అని రాసుంది. స్టెప్‌డౌన్ డబ్బా ఆయననే ఇచ్చిండు. వాల్యూం సున్నాల వెట్టినా గుయ్యిమంటది. నాబులు తిప్పితే గరగర. కాసేపైనంక సౌండు పడిపోతది. రేకు ముట్టుకుంటే జిల్లుమంటది. ఇది ఏ కంపెనీది? మెకానిక్ ఏమో బోర్డు తీసేసి కొత్తది వేస్తనంటుండు. వేయించాల్నా?

జవాబు: వేయించకు తమ్మీ. నువ్వు రాసిన వాటిలో బోర్డు మార్చాల్సిన జబ్బు ఒక్కటీ లేదు. కానీ నువ్వు చివరికి రాసిన జిల్లుమనే సంగతే నాకు అన్నిటికన్నా ముందు కనిపించింది. అది తేలేదాకా ఆ యాంప్‌కు ప్లగ్గు పెట్టొద్దు, చర్చిలో అసలే పెట్టొద్దు.

మన దగ్గర దొరికే చిన్న స్టెప్‌డౌన్ డబ్బాలు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. లోపల ఒకటే వైండింగు. 230 వైపుకూ 110 వైపుకూ మధ్య అడ్డు ఏమీ ఉండదు. టూపిన్ ప్లగ్గు తిరగబడితే మీటరులో 110 బాగానే చూపిస్తుంది, యాంప్ కూడా పాడుతుంది. కానీ యాంప్ లోపలికి పోయే రెండు తీగల్లోనూ భూమితో పోలిస్తే కరెంటు ఉంటుంది, ఒకదాంట్లో నిండు 230. ఆ కాలపు అమెరికా యాంపుల్లో కొన్నిటికి వెనుక ‘గ్రౌండ్’ స్విచ్చి ఉండేది. దాని దగ్గర మెయిన్స్ తీగ నుంచి రేకుకు ఒక కెపాసిటర్ కలిపి ఉంటుంది. ఆ దారిన కరెంటు రేకుకు, అక్కడి నుంచి కీబోర్డు వైరు మీదుగా నీ వేళ్లకు వస్తుంది. అదే సెట్టులో మైకు పట్టుకున్న పిల్లల పెదాలకూ తగులుతుంది. కెపాసిటర్ ముసలిదై షార్టైతే జిల్లుమనడంతో ఆగదు.

మెకానిక్‌తో ఆ కెపాసిటర్ తీయించు. త్రీపిన్ వైరు వేయించి ఎర్తు తీగను రేకుకు గట్టిగా బిగించమను. డబ్బా మార్చి డబుల్ వైండింగు ట్రాన్స్‌ఫార్మర్, అంటే 230 వైపుకూ 110 వైపుకూ వైండింగులు విడివిడిగా ఉన్నది తీసుకో. యాంప్ వెనుక రాసిన వాట్లకు రెట్టింపు తట్టుకునేది ఉండాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడుగు, లేదంటే మోటారు వైండింగు చేసేవాళ్లతో చుట్టించుకో. 110 వోల్టులే చుట్టమను. 60 హెర్ట్జ్ కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కు మన 50 హెర్ట్జ్ మీద నిండు 120 ఇస్తే ఎక్కువ వేడెక్కుతుంది. చర్చి ఎర్తు గుంత కూడా చూడు. మన బండరాళ్ల నేలలో ఎండాకాలం గుంత ఎండిపోతే ఎర్తు పేరుకే ఉంటుంది. నీళ్లు పోయిస్తూ ఉండాలి.

ఇక కంపెనీ సంగతి. పీవీ (Peavey) అనే అమెరికా యాంపుల కంపెనీ వాళ్ల కేబీ వరుసలో 15 అంగుళాల స్పీకరూ హార్నూ కలిసినవి ఉన్నాయి, నీది ఆ పోలికలోనే ఉంది. అయితే పోలికతో తీర్పు చెప్పను. వైరు పీకి, మూత తీసి, నాబుల వెనుక కంట్రోళ్ల మీద గుద్దిన నంబరు చదువు. 137తో మొదలైతే ఆ కంట్రోల్ సీటీఎస్ కంపెనీది. దాని తర్వాత 8723 అని ఉంటే 1987లో 23వ వారంలో తయారైంది. యాంప్ అంతకన్నా పాతది కాదన్నమాట. స్పీకరు వెనుక 67తో మొదలైతే ఎమినెన్స్, 220 అయితే జెన్సెన్. బోర్డు అంచున ముద్రించిన నంబరును ఫోటో తీసిపెట్టుకో, సర్క్యూటు బొమ్మ దానితోనే దొరుకుతుంది. బోర్డు మార్పించావా, ఈ ఆధారం చెత్తబుట్టలోకి పోతుంది. అందుకే మార్చొద్దని ఇంత గట్టిగా చెప్తున్నాను.

వాల్యూం సున్నాలో ఉన్నా గుయ్యిమంటోందంటే ముందు అనుమానం పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ల మీదే. ముసలివైతే 100 హెర్ట్జ్ మోత వదులుతాయి. అంతే మైక్రోఫారడ్లు, అంతే లేదా ఎక్కువ వోల్టులు ఉన్నవి వేయించు. స్విచ్చి ఆపినా వాటిలో కరెంటు నిలిచి ఉంటుంది, రెసిస్టర్ పెట్టి దింపాకే చెయ్యి పెట్టాలి. మళ్లీ మొదటిసారి వేసేటప్పుడు 230 వైపు 100 వాట్ల సీరీస్ బల్బు పెట్టు, అంటే యాంప్‌కు పోయే కరెంటు ఫిలమెంటు బల్బు గుండానే పోయేలా కలుపు. ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. స్పీకరు కలిపే ముందు, స్పీకరుకు పోయే రెండు తీగల మధ్య మీటరుతో డీసీ చూడాలి. కొన్ని మిల్లీవోల్టులే ఉండాలి. వోల్టులు కనిపిస్తే స్పీకరు జోలికి పోవద్దు, కాయిల్ కాలుతుంది.

గరగరకు కాంటాక్ట్ క్లీనర్ చాలు. కంట్రోల్ లోపలికి కొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు బాగా తిప్పు. కొబ్బరినూనె, మిషిన్ ఆయిల్ వద్దు, దుమ్మును పట్టి ఉంచుతాయి.

సౌండు పడిపోవడానికి ఖరీదు లేని కారణం ఒకటి ఉంది. వెనుక ప్రీయాంప్ అవుట్, పవర్‌యాంప్ ఇన్ అని రెండు జాకులుంటే చూడు. వాటిలో ఏమీ గుచ్చనప్పుడు సౌండు జాకు లోపలి రేకుల మీదుగానే పోతుంది. ఆ రేకులకు చిలుము పడితే సౌండు ఆగుతుంది. ఈసారి పడిపోయినప్పుడు ఆ రెంటినీ చిన్న కేబుల్‌తో కలిపి చూడు. సౌండు తిరిగొస్తే జాకులు శుభ్రం చేయిస్తే సరిపోతుంది. రాకపోతే బోర్డు మీద టంకాలు ఎక్కడ వదిలాయో వెతికి మళ్లీ పెట్టమను. కంట్రోళ్ల మీది నంబర్లు నాకు రాసి పంపు, మోడల్ కలిసి వెతుకుదాం.