ఆటోపైలట్ లేని పాత సింగిల్ ఇంజన్ విమానాన్ని మేఘాల్లో చేత్తో నడపొచ్చా?

మీకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) ఈమధ్యే వచ్చింది, చేతిలో ఉన్నదేమో ఆటోపైలట్ లేని పాత సెస్నా 172. దాంతో మేఘాల్లోకి వెళ్లడం మరీ రిస్కా అన్నది మీ ప్రశ్న. నేను ఇలాంటి విమానాల్లోనే నేర్చుకున్నాను, ఇప్పటికీ ఎక్కువగా వాటినే నడుపుతాను. నడపొచ్చు. మీటర్లు చూస్తూ రెక్కలు సమంగా ఉంచడం త్వరగానే అలవాటవుతుంది. చార్టు తిప్పడం, ఫ్రీక్వెన్సీ మార్చడం, క్లియరెన్స్ (కంట్రోలర్ ఇచ్చే అనుమతి) రాసుకోవడం లాంటి పనుల కోసం కళ్లు పక్కకు వెళ్లినప్పుడే చిక్కంతా.

అందుకే నా దృష్టిలో మొదటి ఆటోపైలట్ ట్రిమ్, అంటే చేత్తో పట్టి ఉంచక్కర్లేకుండా విమానాన్ని నిలకడగా ఉంచే సర్దుబాటు. అది సరిగ్గా ఉంటే యోక్ (స్టీరింగ్ లాంటి పిడి) మీద రెండు వేళ్లు చాలు. గట్టిగా పట్టుకుంటే, చార్టు కోసం ఒంగినప్పుడు చెయ్యి కూడా తెలియకుండా అటే లాగేస్తుంది. నెమ్మదిగా వంగే రెక్కను లోపలి చెవి అసలు పసిగట్టదు. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందిని బయట ఏమీ కనిపించని పరిస్థితిలో పరీక్షిస్తే, సగటున 178 సెకన్లలో విమానం అదుపు తప్పింది. ఈ అంకె అందరూ చెబుతారు. ఆ తర్వాత వాళ్లకు నేర్పిన పద్ధతి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు: యోక్ వదిలెయ్యి, ట్రిమ్, పవర్ సెట్ చెయ్యి, రడ్డర్‌తో (కాళ్లతో నొక్కే తోక చుక్కానితో) మెల్లగా తిరుగు. అది నేర్చుకున్నాక దాదాపు అందరూ బయటపడ్డారు. బాగా ట్రిమ్ చేసిన విమానం కంగారుపడే పైలట్ కన్నా నయం.

రెండోది, పవర్ అంకెలు నోటికి రావాలి. 90 నాట్ల గ్రౌండ్‌స్పీడ్‌తో (నేల మీద లెక్కించే వేగంతో) మూడు డిగ్రీల గ్లైడ్‌స్లోప్ (రన్‌వేకు దిగే వాలు దారి) మీద దిగాలంటే నిమిషానికి సుమారు 450 నుంచి 480 అడుగులు తగ్గాలి. దానికి మీ విమానంలో ఎంత ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) కావాలో ఆకాశం తేటగా ఉన్న రోజున చూసి రాసిపెట్టుకోండి. అప్రోచ్‌లో (రన్‌వే వైపు దిగేటప్పుడు) థ్రాటిల్‌తో వెతుకులాట ఉండదు.

పాత ప్యానెల్‌తో అసలు భయం వాక్యూమ్ పంప్, అంటే గాలి పీల్చి మీటర్లలోని గైరోలను (తిరిగే చక్రాలను) తిప్పే పంప్. సాధారణంగా యాటిట్యూడ్ ఇండికేటర్ (విమానం ఎటు వంగిందో చూపేది), హెడింగ్ ఇండికేటర్ (ఏ దిక్కుకు వెళ్తోందో చూపేది) రెండూ దాని మీదే బతుకుతాయి. ఎంత వేగంగా తిరుగుతున్నామో చూపే టర్న్ కోఆర్డినేటర్ మాత్రం కరెంటు మీద నడుస్తుంది. పంప్ ఒక్కసారిగా పోవచ్చు, గైరో మాత్రం కొన్ని నిమిషాల పాటు మెల్లగా ఆగుతుంది. పాత వాటిలో చాలావరకు హెచ్చరిక జెండా కూడా ఉండదు. నాకు ఇది మేఘంలోనే జరిగింది. యాటిట్యూడ్ ఇండికేటర్ కాస్త ఎడమకు వంగినట్టు చూపిస్తోంది, టర్న్ కోఆర్డినేటర్ సమంగా ఉంది, దిక్సూచి కదలట్లేదు. పంప్ పీల్చే ఒత్తిడి చూపే సక్షన్ గేజ్ చూస్తే సున్నా. వెంటనే ఆ రెండు మీటర్ల మీద కాగితాలు అతికించేశాను. అబద్ధం చెబుతోందని తెలిసినా కళ్లు అటే పోతాయి మరి! కంట్రోలర్‌కు చెబితే రాడార్‌లో చూస్తూ నో-గైరో వెక్టర్లు (దిక్కు అంకెలు లేని సూచనలు) ఇచ్చారు: 'తిరగండి' అంటే తిరగడం, 'ఆపండి' అంటే ఆపడం. రాడార్ లేనిచోట గడియారమే దిక్కు. స్టాండర్డ్ రేట్ (మామూలు మలుపు వేగం) సెకనుకు మూడు డిగ్రీలు కాబట్టి 30 డిగ్రీలకు పది సెకన్లు.

పంప్ బాగున్నా హెడింగ్ ఇండికేటర్ మెల్లగా జరుగుతూనే ఉంటుంది. పావుగంటకోసారి, విమానం తిన్నగా, సమంగా, వేగం మారకుండా వెళ్తున్నప్పుడే దిక్సూచితో సరిచూడండి. మలుపులో దిక్సూచిని నమ్మకండి. మేఘంలో ఆర్‌పీఎం ఊరికే తగ్గుతోందంటే థ్రాటిల్ పెంచి సర్దుకుపోవద్దు, కార్బ్యురేటర్‌లో ఐస్ అనుకుని కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడిగాలి పంపే మీట) పూర్తిగా వెయ్యండి. ఇంజన్ మొదట ఇంకాస్త దడదడలాడితే టెన్షన్ పడి తీసెయ్యకండి, కరిగిన నీళ్లు లోపలికి పోతున్నాయంతే.

ఒంటరిగా వెళ్లేటప్పుడు నా హద్దులు ఇవి: దిగే చోట మేఘం మట్టం మినిమమ్స్‌కు (రన్‌వే కనబడకుండా దిగగల కనీస ఎత్తుకు) దగ్గరగా ఉంటే బయలుదేరను, రాత్రి మేఘాల్లోకి పోను. పక్కన చార్టులు చదివే మరో పైలట్ ఉంటే లెక్క వేరు. మలుపు మధ్యలో కంట్రోలర్ క్లియరెన్స్ చదవబోతే 'స్టాండ్‌బై' అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. ముందైతే సేఫ్టీ పైలట్‌ను (బయట చూస్తూ కాపాడే మరో పైలట్‌ను) పక్కన పెట్టుకుని, వాక్యూమ్ మీద నడిచే ఆ రెండు మీటర్లూ మూసేసి ఒక ఐఎల్ఎస్ అప్రోచ్ (రేడియో సంకేతాలతో రన్‌వేకు దిగే పద్ధతి) చివరిదాకా చేసి చూడండి. రన్‌వే మధ్యగీతను చూపే లోకలైజర్ సూది అటూ ఇటూ ఊగకుండా ఉంటే మీరు సిద్ధమే.