గుండు జారుతుందా, దొర్లుతుందా?

సందేహం: బడిలో విజ్ఞాన ప్రదర్శన కోసం మా పిల్లలు వాలు మార్చుకునే చెక్కబల్ల తయారుచేసి, అట్ట మీద ‘జారుడుబల్లపై గుండు జారుట’ అని రాశారు. ‘నతతలము’ అని దిద్దమని ఒక మిత్రుడు అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: ‘నతతలము’ తప్పు కాదు. అయితే పాఠ్యపుస్తకాలలో ‘వాలుతలం’ స్థిరపడింది కనుక శాస్త్రభావనకు ఆ మాట చాలు. పిల్లలు చేసిన వస్తువును మాత్రం ‘వాలుబల్ల’ అనండి. పొద్దు వాలడంలోనూ వాలుకుర్చీలోనూ ఉన్న ‘వాలు’ ఇదే.

అసలు దిద్దవలసినది క్రియను. కాలు జారినప్పుడు అరికాలు నేలను రాసుకుంటూ పోతుంది. దొర్లే గుండు క్షణక్షణమూ తన ఒంటిపై కొత్త చోటును బల్లకు ఆనిస్తూ పోతుంది. (‘దొర్లు’కు పాత రూపం ‘దొరలు’. ‘పొర్లు’ దీనికి దగ్గరి మాటే అయినా, పొర్లుదండాలు పెట్టే మనిషికి చెల్లినట్టు గుండుకు చెల్లదు.) ఈ తేడాను పిల్లలకు కంటితో చూపవచ్చు. 2 సెంటీమీటర్ల వ్యాసం గల గుండుకు, అది బల్లను తాకే చోట తడి సిరాచుక్క పెట్టి, వాలుబల్లపై పరిచిన తెల్లకాగితం మీద వదలండి. దొర్లితే సుమారు 6.3 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున విడివిడిగా చుక్కలు పడతాయి. జారితే సిరా గీతలా సాగుతుంది.

క్రియ మారితే లెక్క కూడా మారుతుంది. ఘర్షణ లేకుండా జారే వస్తువుకు కలిగే త్వరణంలో (వేగం పెరిగే రేటులో), అదే వాలుపై దొర్లే, లోపల డొల్ల లేని గట్టిగుండుకు 5/7 వంతే కలుగుతుంది, ఎందుకంటే మిగిలిన భాగం గుండు తన చుట్టూ తాను తిరగడానికి ఖర్చవుతుంది. 1638లో అచ్చయిన గ్రంథంలో గెలీలియో వర్ణించిన బల్ల కూడా వాలు మార్చుకునేదే: సుమారు 12 మూరల దూలానికి వేలెడు గాడి తొలిచి, అందులో నునుపైన తోలుకాగితం అతికించి, ఒక కొనను ఒకటి రెండు మూరలు ఎత్తి, కంచుగుండును వదిలాడు. ఆ గుండూ దొర్లినదే.

కనుక ‘వాలుబల్లపై గుండు దొర్లడం’ అని రాయించండి. అయితే వాలు బాగా పెంచితే పట్టు చాలక గుండు జారుతూ దొర్లుతుంది. ఘర్షణ గుణకం (బల్లకూ గుండుకూ మధ్య పట్టు ఎంతో తెలిపే సంఖ్య) 0.3 అయితే ఆ మార్పు 46 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. మీ పిల్లల బల్ల అంత ఎత్తుకు లేచేదైతే, అక్కడ రెండు క్రియలూ కలిపి రాయవలసిందే.