చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే పిల్లల్ని తీసుకుపోతారా?

ప్రశ్న: మా పక్కింట్లో ఒక తల్లి, ఇద్దరు పిల్లలు. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు రెండేళ్లు. తండ్రి గల్ఫ్‌కు పోయాడు, ఏడాదిగా ఫోన్ లేదు, పైసలు లేవు. తల్లి తెల్లారకముందే పనికి పోతే చీకటి పడ్డాకే వస్తుంది, పిల్లల్ని లోపలుంచి బయట తాళం వేస్తుంది. పాప బడి మానేసింది. బాబు ఏడుస్తుంటే నేనే కిటికీలోంచి అన్నం అందిస్తున్నా. 1098కి ఫోన్ చేస్తానంటే మా అత్తమ్మ "మనకెందుకు, పిల్లల్ని పట్టుకపోతరు, ఆ ఉసురు మనకు తగుల్తది" అంటోంది. నా పేరు బయటికొస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– పేరు వద్దన్న పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: ఫోన్ చేయండి. ఈ రోజే చేయండి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఆ తాళం, ఎందుకంటే లోపల గ్యాస్ లీకైనా, బాబు ఏదైనా మింగినా, ఎనిమిదేళ్ల పిల్ల తలుపు తీసుకుని బయటికి రాలేదు.

మీ అత్తమ్మగారి భయం చాలామందికి ఉన్నదే కాబట్టి, ఫోన్ చేశాక ఏం జరుగుతుందో చెప్తాను. 1098 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. 2023 నుంచి దీన్ని రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలే నడుపుతున్నాయి, అపాయం ముంచుకొస్తే అత్యవసర నంబర్ 112కి కలుపుతారు. ఊరు, ఇంటి గుర్తులు, పిల్లల వయసు, ఎన్నాళ్లుగా ఇలా ఉంది అని అడుగుతారు. మీరు కళ్లతో చూసింది మాత్రమే చెప్పండి, తల్లి గురించి వీధిలో అనుకునేవి చెప్పకండి. విషయం జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్తుంది, వాళ్ల మనుషులు ఇంటికొచ్చి చూస్తారు, తల్లితో, పాపతో మాట్లాడతారు, అంగన్‌వాడీ టీచర్‌ని, బడిలో సార్లని అడుగుతారు. అవసరమనిపిస్తే బాలల సంక్షేమ సమితి ముందు పెడతారు. అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉండే ఈ సమితికి మేజిస్ట్రేట్ అధికారాలున్నాయి. పిల్లల్ని ఇంట్లోంచి తీసుకెళ్లాల్సి వస్తే, ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. ఇంటి పరిస్థితుల మీద విచారణ నివేదిక 15 రోజుల్లో రావాలి.

ఇక పట్టుకుపోవడం సంగతి. బాల న్యాయ చట్టం, అదే 2015 నాటిది, పిల్లల మొదటి బాధ్యత కుటుంబానిదేనని, బాలల హోంలో ఉంచడం ఆఖరి మార్గమని స్పష్టంగా చెప్తోంది. కొట్టి వాతలు పెట్టే ఇల్లో, లైంగిక వేధింపులున్న ఇల్లో అయితే పిల్లల్ని బయటికి తీయడమే మొదటి పని. మీరు చెప్పే ఇల్లు అలాంటిది కాదు. ఆ తల్లికి పిల్లల మీద ప్రేమ లేక కాదు, చూసేవాళ్లు లేక తాళం వేస్తోంది. నిర్లక్ష్యానికి శిక్ష వేసే 75వ సెక్షన్ కూడా 'కావాలని' చేసిన నిర్లక్ష్యం గురించే మాట్లాడుతుంది. పేదరికాన్ని నేరంగా చూడటానికి కాదు ఈ వ్యవస్థ ఉన్నది, ఆ మాట ఆమెకూ తెలియాలి.

పైగా ఆమెకు అందాల్సిన సాయాలున్నాయి. భర్త వదిలేసిన తల్లి పిల్లలకు పిల్లల రక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ ఉంది, ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. మంజూరుకు టైం పడుతుంది, కాబట్టి దరఖాస్తు ఎంత తొందరగా పెడితే అంత మంచిది. బాబుకు అంగన్‌వాడీలో బాలామృతం వస్తుంది, పాప బడికి పోతే మధ్యాహ్నం అన్నం దొరుకుతుంది. భర్త ఆచూకీ కోసం విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, మీ ఇంట్లో చదువుకున్నవాళ్లుంటే అది పెట్టడంలో ఆమెకు సాయపడండి.

మీ పేరు ఇంట్లోవాళ్లకు చెప్పవద్దని ఫోన్‌లోనే గట్టిగా చెప్పండి. చిన్న ఊళ్లో ఎవరు చేశారో ఊహిస్తారన్న మాట నిజమే. వీలైతే ముందే ఆమెతో మాట్లాడండి, "నేను చూస్తా, తాళం వేయకు" అనగలిగితే ఇంకా మంచిది. అలాగని ఫోన్ మానకండి, మీరొక్కరే ఎన్నాళ్లని మోస్తారు?

ఎవరూ రాకపోతే? అన్ని చోట్లా వెంటనే వస్తారని నేననను, సిబ్బంది తక్కువ. ఫోన్ చేసిన తేదీ, టైం రాసి పెట్టుకోండి, మళ్లీ చేయండి. సమితికి నేరుగా కాగితం రాయొచ్చు, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. సమితి పనితీరు మీద ఫిర్యాదులు వినాల్సింది కలెక్టరే.

ప్రశ్న: ఇలాంటి పిల్లల వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే అధికారులు పరిగెత్తుకొస్తారంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దండీ. రక్షణ అవసరమైన పిల్లల ముఖం, పేరు, బడి, ఊరు బయటపెట్టడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. శిక్ష మాట అటుంచితే, ఆ పాప పెద్దయ్యాక కూడా ఆ వీడియో ఎవరి ఫోన్‌లోనో ఉంటుంది. తీసింది ఉంటే విచారణకు వచ్చిన అధికారికి చూపించండి, ఇంకెవరికీ పంపకండి.