పిల్లి కిడ్నీ జబ్బు: ముందు కడుపులోకి ముద్ద పోవాలి

పెంపుడు నేస్తాలు: మీ ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పిల్లి చుక్కికి 14 ఏళ్లు. చిక్కిపోతోందని రెండు నెలల క్రితం రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 3.4 వచ్చింది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, మూడో స్టేజీ అన్నారు. రీనల్ డైట్, అంటే కిడ్నీ జబ్బుకని చేసిన ప్రత్యేకమైన ఫుడ్ పెట్టమన్నారు. ఆ రోజే పాత ఫుడ్ పూర్తిగా మానేసి కొత్తది మొదలుపెట్టాను. వాసన చూసి వెళ్లిపోతోంది. అప్పుడు 4.1 కిలోలు ఉండేది, ఇప్పుడు 3.6. రెండు రోజులకోసారి 100 మిల్లీలీటర్ల సెలైన్ చర్మం కింద ఎక్కించమని నాకే నేర్పించారు. సూది పట్టుకుంటే చాలు, చేతులు వణుకుతున్నాయి. చుక్కి నన్ను చూస్తేనే మంచం కింద దూరుతోంది. ఎంత చేసినా కిడ్నీలు మళ్లీ బాగుపడవని చెప్పారు. మరి నేను దాన్ని కాపాడుతున్నానా, బాధపెడుతున్నానా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన అంకె 3.4 కాదు, 3.6. అర కిలో అంటే చుక్కి ఒంట్లో ఎనిమిదో వంతు. 60 కిలోల మనిషి రెండు నెలల్లో ఏడు కిలోలకు పైగా తగ్గిపోతే ఇంటిల్లిపాదీ ఎంత కంగారు పడతారో ఊహించండి. అందుకే సెలైన్ సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు తిండి మాట్లాడుకుందాం.

ఈ రోజే పాత ఫుడ్ గిన్నెలో పెట్టండి. మీ డాక్టరుకు ఫోన్ చేసి, తినడం లేదనీ బరువు ఇంత తగ్గిందనీ అంకెలతో సహా చెప్పండి. పిల్లి ఒంటి తీరు వేరు. రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి, కాలేయం పనిచేయడం మానేసే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు నెలల మీద, ఏళ్ల మీద చేసే నష్టాన్ని ఆకలి వారంలో చేసేస్తుంది. పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ‘ఆకలేస్తే అదే తింటుందిలే’ అనుకుని ఊరుకోకండి.

రీనల్ డైట్ మంచిది కాదని నేను అనడం లేదు. ఈ జబ్బులో పిల్లి ఆయుష్షు పెంచుతుందని గట్టిగా తేలినవాటిలో అది ముఖ్యమైనది. అందులో ఫాస్ఫరస్ తక్కువ, ప్రొటీన్ మితంగా ఉంటుంది. కిడ్నీలు ఫాస్ఫరస్‌ని బయటికి పంపలేకపోయినప్పుడు అది రక్తంలో పేరుకుని, మిగిలిన కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. కానీ ఆ మేలంతా కడుపులోకి పోతేనే కదా! గిన్నెలో ఎండిపోయిన రీనల్ డైట్ కంటే, పిల్లి ఇష్టంగా తిన్న మామూలు ఫుడ్ వెయ్యి రెట్లు నయం.

ఈ మాట నాకు మా రాజు నేర్పాడు. గోధుమరంగు మగపిల్లి, 16 ఏళ్లు బతికాడు. వాడికి ఈ జబ్బు బయటపడినప్పుడు నేను డాక్టర్‌నయ్యి ఉండి కూడా మీరు చేసిందే చేశాను. వాడికి అప్పుడు వికారంగా ఉంది. తిండి ముందుకి వచ్చి, పెదాలు నాక్కుని, గుటక వేసి, మొహం తిప్పుకునేవాడు. అది మొండితనం కాదు, కడుపులో తిప్పడం. నాకది తెలిసీ, రెండు రోజులు రీనల్ ఫుడ్ తప్ప ఇంకేదీ పెట్టలేదు. పైగా మాత్ర పొడి చేసి అందులోనే కలిపాను. ఆ తర్వాత వికారం తగ్గింది, ఆకలి వచ్చింది, కానీ ఆ ఫుడ్ వాసన మాత్రం వాడు చచ్చేదాకా భరించలేదు. కడుపులో తిప్పుతున్నప్పుడు తిన్నదాన్ని పిల్లి విషంలా గుర్తుపెట్టుకుంటుంది. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఒకటే చెబుతున్నాను: ముందు వికారం తగ్గించండి, తర్వాతే ఫుడ్ మార్చండి.

వికారానికి మారోపిటెంట్, ఆకలికి మిర్టజపిన్ అని మందులున్నాయి. ఈ జబ్బులో మిర్టజపిన్ రోజూ కాకుండా రోజు విడిచి రోజు వాడటం మామూలు. మోతాదు మీ డాక్టరే చెప్పాలి. చుక్కి వారం పది రోజులు బాగా తిన్నాక, పాత ఫుడ్ గిన్నె పక్కనే ఇంకో గిన్నెలో రీనల్ ఫుడ్ ఒక చెంచాడు పెట్టండి. తినకపోయినా ఫరవాలేదు, వాసన అలవాటు కానివ్వండి. ఆ తర్వాత పాతదాంట్లో చిటికెడు, ఇంకో నాలుగు రోజులకు ఇంకాస్త. ఆరేడు వారాలు పట్టనివ్వండి. వెట్ ఫుడ్ అయితే గోరువెచ్చగా చేసి పెడితే వాసన లేస్తుంది. ముసలి పిల్లికి ముక్కే ఆకలి. ఒక కంపెనీది నచ్చకపోతే ఇంకోటి చూడండి. ఏదీ నచ్చకపోతే దానికీ దారి ఉంది. పాత ఫుడ్డే పెడుతూ, అందులోని ఫాస్ఫరస్‌ని కడుపులోనే పట్టి ఉంచే మందు తిండితో పాటు ఇస్తారు. తిండితో కలిస్తేనే అది పనిచేస్తుంది, ఖాళీ కడుపున వేస్తే దండగ. మూడో స్టేజీలో రక్తంలో ఫాస్ఫరస్ 5 లోపు ఉండాలని చూస్తాం. రిపోర్టులో మీ చుక్కిది ఎంతుందో అడగండి.

ఇక సెలైన్. అదెందుకో అర్థమైతే మీ చేతి వణుకు సగం తగ్గుతుంది. ఇళ్లలో తిరిగే పిల్లుల మూలం ఎడారి ప్రాంతపు అడవి పిల్లి. నీటి చుక్క వృథా కాకుండా మూత్రాన్ని చిక్కగా చేయడం దాని కిడ్నీల గొప్పతనం. ఈ జబ్బులో ముందు పోయేది ఆ శక్తే. మూత్రం నీళ్లలా పోతుంటుంది, ఎంత తాగినా చాలదు. ఒళ్లు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, వికారం పెరుగుతుంది. మీరు ఎక్కించే 100 మిల్లీలీటర్లు ఆ లోటు పూడ్చడానికి. చాలా పిల్లులు సెలైన్ ఎక్కిన మర్నాడు కొంచెం ఎక్కువ తింటాయి, అది మీరే గమనిస్తారు.

చల్లటి సెలైన్ ఒంట్లోకి పోతే పిల్లి ఉలిక్కిపడుతుంది. అందుకని బ్యాగ్‌ని పది నిమిషాలు వేడినీళ్ల గిన్నెలో ఉంచండి. మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు, ఒకచోట కాలిపోయేంత వేడెక్కుతుంది. ట్యూబులోంచి కాసిని చుక్కలు మణికట్టు మీద వదిలి చూడండి, వేడీ చలవా తెలియకపోతే సరిగ్గా ఉన్నట్టు. అలా వదిలితే ట్యూబులో గాలి కూడా పోతుంది. బ్యాగ్ ఎంత ఎత్తున వేలాడదీస్తే అంత త్వరగా ఎక్కుతుంది. ప్రతిసారీ కొత్త సూది పెట్టండి. వాడిన సూది మొన మొద్దుబారుతుంది, మంటపెడుతుంది.

నేల మీద తువ్వాలు పరిచి మోకాళ్ల మీద కూర్చోండి. చుక్కిని మీ మోకాళ్ల మధ్య, మొహం అటువైపు ఉండేలా కూర్చోబెట్టండి. వెనక్కి పోవడానికి దారి ఉండదు, మీ మొహం కనపడదు. ఎడమచేతి బొటనవేలు, మధ్యవేలితో రెండు భుజాల మధ్య వదులు చర్మాన్ని పైకెత్తండి, గుడారంలా లేస్తుంది. చూపుడువేలితో ఆ గుడారం మొదట్లో కాస్త నొక్కితే చిన్న గుంట పడుతుంది. సూది ఆ గుంటలోకి, వెన్నెముకకు సమాంతరంగా, ఏటవాలుగా కోసిన వైపు పైకి ఉండేలా పోవాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. భయపడి మెల్లగా నొక్కుతారు, అప్పుడే నొప్పి ఎక్కువ. ఒకే ఊపులో పోనివ్వండి. వీపు తడి అయితే సూది అవతల వైపుకి వచ్చేసిందన్నమాట, కంగారు పడకుండా తీసి మళ్లీ పెట్టండి. చుక్కలు ఆగిపోతే సూదిని చర్మంలోనే రవ్వంత తిప్పండి, మొన చర్మానికి ఆనుకుని ఉంటుంది. సూది తీశాక ఆ చోట చర్మాన్ని ఒక నిమిషం చిటికెడు పట్టి ఉంచండి. ఒకటి రెండు చుక్కలు కారినా, అవి లేత ఎరుపులో ఉన్నా పరవాలేదు. భుజం మీద నిమ్మకాయంత ఉబ్బు వస్తుంది, కాసేపటికి అది ముందుకాలి వైపు జారుతుంది. మొదటిసారి అలా జారినప్పుడు కాలు వాచిందని ఏడ్చినవాళ్లని చూశాను. అది ఒంట్లోకి ఇంకిపోయే నీరే.

అయితే ముందురోజుల ఉబ్బు ఇంకా ఇంకకుండా ఉంటే మళ్లీ ఎక్కించకండి. నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. పొట్ట ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. నిమిషానికి 30 దాటుతుంటే ఒంట్లో నీరు ఎక్కువైందేమో, గుండె సమస్య ఉందేమో చూడాలి. సెలైన్ ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి.

మంచం కింద దూరడం గురించి. ఈ రెండు నెలల్లో మీరు చుక్కి దగ్గరికి వెళ్లినప్పుడల్లా సూదో, మాత్రో, నచ్చని గిన్నో పట్టుకెళ్లారు. ఇక నుంచి రోజుకు పదిసార్లు ఏమీ పట్టుకోకుండా వెళ్లండి. పక్కన కూర్చోండి, బుగ్గ నిమిరి లేచి వచ్చేయండి. సెలైన్ కోసం ఒకే చోటు, ఒకే తువ్వాలు, ఒకే వేళ పెట్టుకోండి. అది పడుకునే చోట, తినే చోట ఎన్నడూ వద్దు. మంచం కిందనుంచి లాగి ఎక్కించడం అసలు వద్దు. దానికి దాక్కునే చోటు దాక్కునే చోటుగానే మిగలాలి. ఒకరోజు కుదరకపోతే మర్నాడు ఎక్కించవచ్చు, కొంపలు మునగవు.

కిడ్నీలు బాగుపడవన్నది నిజమే, దాన్ని నేను తీపి చేసి చెప్పను. కానీ చుక్కిని బాధపెట్టేది కిడ్నీ ఒక్కటే కాదు. వికారం, దాహం, మలబద్ధకం, పొటాషియం తగ్గి మెడ వాలిపోవడం, బీపీ, రక్తం తగ్గడం. వీటిలో దాదాపు అన్నింటికీ ఇప్పుడు మందుంది. బీపీ చూశారో లేదో మీరు రాయలేదు. చూడకపోతే చూపించండి. బీపీ పెరిగితే కంటిలోపలి పొర ఊడి పిల్లికి ఉన్నట్టుండి చూపు పోతుంది. రోజూ ఒక చిన్న మాత్రతో దాన్ని ఆపవచ్చు. అలాగే ఏ మాత్ర వేసినా వెంటనే సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు బుగ్గలో పోయండి. లేకపోతే మాత్ర గొంతు దిగువన అంటుకుని పుండు చేస్తుంది.

కాపాడుతున్నానా, బాధపెడుతున్నానా అని అడిగారు. దానికి జవాబు చుక్కి ఇస్తుంది. వారానికోసారి, ఒకే రోజు, ఒకే త్రాసు మీద బరువు చూసి రాసిపెట్టండి. ఒళ్లు నాక్కుంటోందా, కిటికీ దగ్గరికి వెళ్తోందా, మీ అడుగుల చప్పుడుకి చెవి తిప్పుతోందా చూడండి. ఇవి ఉన్నంతకాలం మీరు చేస్తున్నది సాయమే. వికారం తగ్గించి, నచ్చింది పెట్టి, ఒంట్లో నీరు చాలినంత ఉన్నా వారాల తరబడి ఇవేవీ తిరిగి రాకపోతే, అప్పుడు నాకు మళ్లీ రాయండి. ఆ మాట కూడా దాచకుండా మాట్లాడుకుందాం.

ప్రశ్న: మా 11 ఏళ్ల పిల్లి నీళ్లు తెగ తాగుతోంది. లిట్టర్ బాక్సులో పెద్ద పెద్ద గడ్డలు కడుతున్నాయి. రాత్రిపూట నీళ్ల గిన్నె తీసేస్తే పోతుందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: దయచేసి తీయకండి. ఎక్కువ తాగుతోంది కాబట్టి ఎక్కువ పోస్తోందని అనుకుంటాం, కానీ సాధారణంగా వరస తిరగబడి ఉంటుంది. మూత్రం ఎక్కువ పోతోంది కాబట్టి తాగుతోంది. గిన్నె తీసేసినా మూత్రం ఆగదు, పిల్లి ఎండిపోతుంది. కిడ్నీ జబ్బు కావచ్చు, షుగర్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు. ఈ వారంలోనే రక్తంతో పాటు మూత్రం కూడా పరీక్ష చేయించండి. మూత్రం చిక్కదనం చూడటం చాలా ముఖ్యం. ఎందుకంటే కిడ్నీల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల శక్తి పోయాక గానీ క్రియాటినిన్ పెరగదు. చిక్కదనం అంతకంటే ముందే తగ్గుతుంది. ఎస్‌డీఎంఏ అనే రక్తపరీక్ష కూడా కొంచెం ముందుగా పట్టిస్తుంది.

నీళ్ల గిన్నెలు పెంచండి. మీసాలు అంచుకి తగలని వెడల్పాటి గిన్నెలు, తిండికీ లిట్టర్ బాక్సుకీ దూరంగా, రెండు మూడు చోట్ల.

ప్రశ్న: కిడ్నీ జబ్బు ఉన్న మా ముసలి పిల్లి కుంటుతోంది. నేను వాడే పారాసిటమాల్ పావు ముక్క వేయవచ్చా?

జవాబు: వద్దు. పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమరంగులోకి తిరుగుతాయి, మొహం వాస్తుంది, ప్రాణం పోతుంది. మనుషుల నొప్పి మాత్రల్లో ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీనే దెబ్బతీస్తాయి. ఇప్పటికే వేసి ఉంటే చదవడం ఆపి, మాత్రల అట్ట చేత్తో పట్టుకుని, పిల్లిని తీసుకుని బయలుదేరండి. లక్షణాలు కనపడేదాకా ఆగవద్దు.

ఈ వయసు పిల్లుల్లో కీళ్ల అరుగుదల చాలా మామూలు. కిడ్నీ జబ్బుతో కూడా వాడగల నొప్పి మందులు డాక్టరు చూసి ఇస్తారు. ఈలోగా మంచం పక్కన ఒక పీట వేయండి, దూకే ఎత్తు సగమవుతుంది. లిట్టర్ బాక్సు గోడ ఒకవైపు నేలకు నాలుగు వేళ్ల ఎత్తుకి కోసేసి, అంచుకి మెత్తటి టేపు అంటించండి. బయట మూత్రం పోస్తోందని చాలామంది ముసలి పిల్లిని కసురుతారు. దానికి కాలు అంత ఎత్తు లేవదు, అంతే.