ఇంటర్వ్యూ అయ్యాక కూడా కంపెనీలు జవాబివ్వవు ఎందుకు?

మీరు బోలెడు చోట్ల అప్లై చేశారు, కొన్నిచోట్ల ఇంటర్వ్యూలూ అయ్యాయి, అయినా అవుననీ కాదనీ ఎవరూ చెప్పడం లేదన్నారు. నేను రిక్రూట్‌మెంట్ వైపు పనిచేస్తాను. అప్లై చేశాక జవాబు రాకపోవడం వేరు, ఇంటర్వ్యూ తర్వాత రాకపోవడం వేరు.

మొదటిదానికి కారణం చాలాసార్లు చిన్నదే. వందల రెజ్యూమేలు వచ్చిపడితే ముందొచ్చినవాటిలోంచే పదిమందిని ఏరి మేనేజర్‌కి పంపేస్తారు. మిగతావి ఎవరూ తెరవకపోవచ్చు. ‘రిజెక్ట్’ నొక్కితేనే మెయిల్ వెళ్లేలా సిస్టం పెట్టి ఉంటే, ఆ నొక్కడం ఎవరికీ గుర్తుండదు. అందుకే ప్రకటన పడిన రెండుమూడు రోజుల్లోనే అప్లై చేయండి. కంపెనీ సాఫ్ట్‌వేర్ మీ రెజ్యూమేని ఎలా చదువుతుందో సుమారుగా తెలియాలంటే, మొత్తాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. రెండు కాలమ్‌ల డిజైన్ అయితే కంపెనీ పేరొకచోట, తేదీలొకచోట పడొచ్చు. హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబర్‌ని కొన్ని సాఫ్ట్‌వేర్లు అసలు చదవవు.

ఇంటర్వ్యూ తర్వాత మౌనమంటే, కొన్నిసార్లు మీరు రెండో స్థానంలో ఉన్నారని. మొదటి వ్యక్తికి ఆఫర్ ఇచ్చి, వాళ్లు చేరేదాకా మిమ్మల్ని వదులుకోరు, అలాగని ఆ మాట చెప్పరు. వాళ్ల నోటీసు పీరియడ్ మూడు నెలలైతే మీ ఎదురుచూపూ అంతే. ఒక్కోసారి బడ్జెట్ ఆగిపోయి పోస్టే హోల్డ్‌లో పడుతుంది. కారణమేదైనా, మనిషిని పిలిచి గంటసేపు కూర్చోబెట్టి ప్రశ్నలడిగాక రెండు వాక్యాల మెయిల్ పంపకపోవడం తప్పే. తీరిక లేదన్నది సాకు మాత్రమే.

మీ చేతిలో ఉన్నది ఇది. ఇంటర్వ్యూ ముగిసేటప్పుడే “ఎప్పటికి తెలుస్తుందండీ? ఎవరిని అడగమంటారు?” అని అడిగి, తేదీ రాసుకోండి. అది దాటాక రెండు పనిదినాలు ఆగి, పాత మెయిల్‌కే రిప్లై ఇవ్వండి, జాబ్ ఐడీతో (ఆ పోస్టుకు కంపెనీ ఇచ్చిన నంబర్). కొత్త మెయిల్ పెడితే మీరెవరో వాళ్లు వెతుక్కోవాలి. “ఫలానా తేదీన ఫలానా పోస్టుకు ఇంటర్వ్యూ ఇచ్చాను. ఆసక్తి అలాగే ఉంది. నిర్ణయం ఎప్పటికి వస్తుందో చెప్పగలరా?” చాలు. ఇంకో ఆఫర్ ఉంటే దాని గడువు కూడా రాయండి, ఆగిన ఫైలు కదిలేది ఎక్కువగా దానికే. లేని ఆఫర్ మాత్రం చెప్పొద్దు, లెటర్ చూపించమంటారు.

వారం తర్వాత ఇంకొక్క మెయిల్, అంతే. ఆ లోపు వేరేచోట్ల అప్లై చేయడం మాత్రం ఆపకండి.