ఆ కొక్కెం డైలోంచి ఎలా ఊడివస్తుంది?

ప్రశ్న: దమ్ము చక్రాలను ట్రాక్టరు రిమ్ముకు పట్టి ఉంచే కొక్కేలు చేసి అమ్ముతాం. మందపాటి ప్లేటు గ్యాస్‌తో కోసి, ముక్కలు వెల్డింగ్ చేస్తాం. సార్వా దమ్ములు మొదలైతే చాలు, వంపు దగ్గర విరిగాయని ఫోన్లు. ఫోర్జింగ్ చేయిద్దామని డ్రాయింగ్ పంపితే ఇలా కుదరదని తిప్పి పంపారు. ఏం మార్చాలి?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మీరు జతచేసిన డ్రాయింగ్ చూశాను, అది ప్లేటు కోసేవాడికి గీసింది. ఫోర్జింగ్‌లో 1150–1250 డిగ్రీల వేడిలో ఉన్న ఉక్కును రెండు డైల (ఉక్కు అచ్చుల) మధ్య పెట్టి కొడతారు కాబట్టి ఆ రెండూ కలిసే గీత, అంటే పార్టింగ్ లైన్ ఎక్కడో ముందు తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే. కొక్కేన్ని పక్కకు పడుకోబెట్టి మందానికి సగంలో ఆ గీత పెడితే సరి. అక్కడి నుంచి పైకీ కిందకీ గోడలకు 5 నుంచి 7 డిగ్రీల వాలు ఇవ్వాలి. ఇడ్లీ పళ్లెం గుంటలు నిట్టనిలువుగా ఉంటే ఇడ్లీ ఊడివస్తుందా?

అసలు గొడవ లోపలి మూల. మీరిచ్చిన రేడియస్ 1 మి.మీ. అంత పదునైన మూలలో లోహం సాఫీగా పారదు, మీద మడత పడుతుంది, ఆ మడతే తర్వాత పగులు, పైగా డై కూడా తొందరగా పాడవుతుంది. కనీసం 6 ఇవ్వండి, వంపు లోపల ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఇది మార్చకుండా ఫోర్జింగ్‌కి వెళ్తే డబ్బులు దండగ, మళ్లీ అక్కడే విరుగుతుంది. ఇంకోటి, రాడ్డును ముందు వంచి ఆ తర్వాతే డైలో పెడతారా అని అడగండి. అలా చేస్తేనే ఉక్కులోని పోగులు (చెక్కలో నారలాంటివి) వంపు వెంట తిరుగుతాయి, ప్లేటు కోస్తే అవి వంపు దగ్గర తెగిపోతాయి.

బోల్టు రంధ్రం డ్రిల్లింగ్‌కి వదిలేయండి. రిమ్ముకు ఆనే ముఖం మీద మాత్రం 2 మి.మీ. అదనంగా ఉంచి మెషినింగ్ చేయించుకోండి. అన్ని కొలతలకీ తేడా ±0.1 మి.మీ. దాటకూడదని రాశారు, ఎందుకండీ? బురదలో తిరిగే వస్తువు!

ఇంతకీ ఏడాదికి ఎన్ని అమ్ముతారో రాయలేదు. వేలల్లో అయితే డై ఖర్చు గిట్టుతుంది. రెండు మూడొందలే అయితే నా మాట విని డై జోలికి పోకండి, ఈఎన్-8 రకం ఉక్కు రాడ్డును ఎర్రగా కాల్చి ఫార్మా (వంపు ఆకారపు దిమ్మ) మీద వంచి నార్మలైజింగ్ (మళ్లీ కాల్చి గాలిలో చల్లార్చడం) చేయించండి, చాలావరకు అదే బలం వస్తుంది. ఆ రాడ్డుకు మాత్రం ముందుగా వేడి చేయకుండా వెల్డింగ్ పెట్టొద్దు, అందులో కార్బన్ 0.4 శాతం దాకా ఉంటుంది, అతుకు పక్కనే పగులుతుంది.